కొలాజెన్ పెప్టైడ్ పొడి టీలో కలిపి తాగొచ్చా?

పొదిలి నుంచి అడిగిన చెల్లెమ్మకు: మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులకు మీ తమ్ముడు కొలాజెన్ పెప్టైడ్ డబ్బా పంపాడు, అంటే తోలు, ఎముకల్లో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను చిన్న ముక్కలు చేసిన పొడి. నీళ్లలో కలిపితే ఆ వాసన ఆమెకు పడటం లేదు. టీలో కలిపితే వేడికి చెడిపోతుందా, ఆమె వేసుకునే థైరాయిడ్ మాత్రకు ఏమైనా అడ్డమా అన్నది మీ ప్రశ్న. టీలో కలపొచ్చు. నెల్లూరులో మా అత్తమ్మ అలాగే తాగుతున్నారు. మాత్ర మాత్రం ఆ టీతో వేయకూడదు.

వేడి గురించి భయం వద్దు. పాయా కోసం మేక కాళ్లు గంటల తరబడి ఉడికిస్తాం కదా, అప్పుడు వాటిలోని కొలాజెన్ జెలటిన్‌గా మారుతుంది. మిగిలిన పాయా ఫ్రిజ్‌లో గడ్డకట్టేది అందుకే. ఆ జెలటిన్‌ను ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలు చేసి ఆరబెడితే మీ డబ్బాలోని పొడి అవుతుంది. అంత ఉడుకు చూసి వచ్చినదాన్ని గ్లాసుడు టీ ఏం చేస్తుంది? ముక్కలు చిన్నవి కాబట్టి చల్లారినా గడ్డకట్టదు.

టీకి వగరునిచ్చే టానిన్లు కొలాజెన్‌ను కట్టేస్తాయని మీకెవరో చెప్పారన్నారు. అందులో కొంత నిజం ఉంది. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేది ఆ గుణంతోనే. కానీ అక్కడ పచ్చి తోలును చిక్కటి కషాయంలో రోజుల తరబడి నానబెడతారు. పాల టీలో టానిన్లను చాలావరకు పాలలోని ప్రోటీనే పట్టేసుకుంటుంది. డికాషన్ టీలో కాస్త మడ్డిగా కనిపించినా హాని లేదు, కడుపులో ఎటూ అరిగిపోతుంది.

పొడిని గిన్నెలో టీతో పాటు మరిగించకుండా, గ్లాసులో పోశాక కలపండి. మా ఇంట్లో మామయ్య నీసు ముట్టరు, ఒకే గిన్నెలో టీ కాస్తే ఆయనకూ పోతుంది. కొలాజెన్ అనేది మొక్కల్లో ఉండదు. డబ్బా మీద ‘బొవైన్’ అని ఉంటే ఆవు జాతి పశువులది, ‘మెరైన్’ అంటే చేప తోలు, పొలుసుల నుంచి తీసినది. మనం చేపల పులుసుకు గీకి పారేసే పొలుసులు అక్కడ వేల రూపాయలు! చేపలు పడనివాళ్లు మాత్రం దాని జోలికి పోకూడదు. నారింజ రుచి, విటమిన్ సి కలిపిన సాచెట్ అయితే చల్లటి నీళ్లలోనే కలపండి. ఆ పులుపుకు టీలో పాలు విరుగుతాయి, వేడికి విటమిన్ సి కూడా కొంత పోతుంది.

ఇక మాత్ర. థైరాయిడ్ మాత్ర లేవగానే, పరగడుపున, ఉత్త నీళ్లతోనే వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ, పొడి ఏవీ వద్దు. అత్తమ్మ మాత్ర వేసుకుని, స్నానం, పూజ అయ్యాకే టీ అడుగుతారు. ఐరన్, కాల్షియం మాత్రలుంటే థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల దూరం ఉండాలి. ఐరన్‌ను టీతో కూడా వేయకూడదు, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు.

ఇంకొకటి, పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, ఆ పేరున్నవన్నీ ఒకటి కావు. కావలిలో మా బాబాయి షుగర్‌కు సెమాగ్లుటైడ్ మాత్ర, అదే రైబెల్సస్, వాడుతున్నారు. అదీ పెప్టైడే. కానీ దాన్ని పరగడుపున, 120 మిల్లీలీటర్లు దాటని ఉత్త నీళ్లతో మింగి, అరగంట ఏమీ తినకుండా తాగకుండా ఉండాలి. ఈయనేమో కాఫీతో మింగేవారు. డాక్టర్ గట్టిగా చెప్పాక మానారు. ఆన్‌లైన్‌లో సీసాల్లో దొరికే ‘రీసెర్చ్ పెప్టైడ్ల’ను అయితే ఇంట్లోకే రానివ్వకండి, అవి తినడానికి ఆమోదం పొందిన సరుకు కాదు.

పని చేస్తుందా అంటే, అత్తమ్మ కొంచెం నయమంటున్నారు. ఆమె సాయంత్రం నడక కూడా మొదలుపెట్టారు కాబట్టి నేను దీనికే మార్కులు వేయను. మోకాళ్ల నొప్పుల మీద పరిశోధనల్లో కనిపించినది కూడా చిన్నపాటి ఉపశమనమే, వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది పొడి అమ్మే కంపెనీలే. ఒంటికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఇందులో ఉండదు కాబట్టి పప్పు, గుడ్డు మానేసి దీని మీద ఆధారపడకూడదు. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

మీది పొదిలి అన్నారు కాబట్టి అడుగుతున్నాను, అమ్మగారు తాగేది బోరు నీళ్లా? కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు పట్టేస్తాయి, దానికి ఏ పొడీ పని చేయదు. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, అవే నీళ్లతో కాస్తే రెండూ కలుస్తాయి. డబ్బా విప్పే ముందు నీళ్లు పరీక్ష చేయించండి. ఎక్కువ వస్తే తాగేవే కాదు, టీకి పోసేవీ మార్చాలి.