చుక్కలు పెట్టి దాటేసిన ఫ్రాంకులు

చిరంజీవి అమ్మాయికి,

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారిణి రోసా బొనూర్ ఉత్తరాలు తర్జుమా చేసి రాసిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ ఆ చుక్కలేంటమ్మా? డబ్బు మాట వచ్చిన చోటల్లా మూడు చుక్కలు పెట్టి దాటేశావు. జంతువుల మీద ప్రేమ, తోడుగా బతికిన నేస్తం నతాలీ మీద బెంగ మిగిల్చావు. ఆమె బొమ్మలమ్ముకుని బతికిన మనిషని చదివేవాళ్ళకి తెలిసేదెట్లా?

ఆమె వేసిన 'గుర్రాల సంత' బొమ్మ సంగతే చూడు. ఎనిమిదడుగుల ఎత్తు, పదహారున్నర అడుగుల పొడవు. 1853లో పారిస్ సలోన్ అనే పెద్ద బొమ్మల ప్రదర్శనలో పెట్టింది. పుట్టిన ఊరు బోర్డో 12,000 ఫ్రాంకులకు కూడా వద్దంది. లండన్ డీలర్ గాంబార్ 40,000 ఇచ్చాడు. బొమ్మ ఒక్కటే అయినా, రేకు మీద చెక్కించి అచ్చేస్తే కాపీలు ఎన్నైనా అమ్ముకోవచ్చు. అతని లెక్క అది. పదహారడుగుల గుడ్డ చూసి చెక్కడం కుదిరే పని కాదు కనక చిన్న ప్రతి కావాల్సొచ్చింది. అందులో నతాలీ చెయ్యి ఉంది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఇప్పుడది ఇద్దరి పేర్ల మీదా ఉంది. నువ్వు బెంగ దగ్గరే ఆపేసిన నతాలీ ఈవిడే.

పెద్ద బొమ్మ 1887లో న్యూయార్క్ వేలంలో 53,000 డాలర్లు పలికింది. రోసా అప్పటికి బతికే ఉంది, వాటా లేదు. మళ్ళీ అమ్మినప్పుడు చిత్రకారులకు వాటా ఇచ్చే చట్టం ఫ్రాన్స్‌లో 1920లో గానీ రాలేదు. అందుకే మొదటి బేరం, అచ్చు హక్కు, ఆ రెండే ఆమె చేతిలో ఉన్నవి. వాటి లెక్కలుండేది ఉత్తరాల్లోనే.

ఇక చేతిరాత. తర్జుమాకి ముందు వరసకి వరస దించుకో, కొట్టేసిన మాటలతో సహా. ఫ్రెంచివాళ్ళ ఒకటికి పైకి లాగిన తోక ఉంటుంది, ఏడులా కనిపిస్తుంది. వాళ్ళ ఏడుకి నడుమ అడ్డగీత ఉంటుంది. ఇది తెలియకపోతే వెయ్యి కాస్తా ఏడువేలవుతుంది. వేల దగ్గర చుక్క పెడతారు, దశాంశం అనుకోకు. నువ్వు ఆగస్టు అని రాసిన ఉత్తరం మీద 8 పక్కన చిన్న అక్షరాలున్నాయి కదా, అది అక్టోబరు. నెల పేర్లో దాగిన లాటిన్ లెక్కకి అంకె వేసి కుదించేవాళ్ళు: సప్త సెప్టెంబరు, అష్ట అక్టోబరు, నవ నవంబరు. పదికి రోమన్ అంకె వేస్తే డిసెంబరు. నీ వ్యాసంలో రెండు నెలల తేడాతో జవాబు ముందు, ప్రశ్న తర్వాత పడ్డాయి.

జాగా చాలకపోతే ఎడిటర్లు ముందు కోసేది అంకెల్నే. వాళ్ళకా శ్రమ లేకుండా నువ్వే కోసి పంపితే ఎలాగమ్మా? వర్ణనలో రెండు పేరాలు తీసెయ్, ఫ్రాంకులు తిరిగి పెట్టు. ఈసారి ఉత్తరాల ఫొటోలు కూడా జతచేసి పంపు, వెనకవైపులతో సహా.

ఆశీస్సులతో