‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ దృశ్యాలనూ సంగీతాన్నీ ప్రేక్షకులు అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

సెర్జియో లియోనే 1968లో తీసిన ఈ సినిమాను అరగంట చూసి ఆపేశానని, ఇంత నింపాదిగా నడిచే చిత్రంలోని దృశ్యాలనూ సంగీతాన్నీ జనం ఇన్ని దశాబ్దాలుగా తలచుకోవడానికి కారణం చెప్పమని మీరు అడిగారు. మొదటిసారి నాకూ అలాగే జరిగింది. రాత్రి రైలులో ఫోను మీద చూడటం మొదలుపెట్టి, ఏమీ జరగడం లేదనుకుని మొదటి సన్నివేశాన్ని వేలితో ముందుకు జరిపేశాను. ఈ సినిమాను ఎలా చూడాలో నేర్పేవి ఆ జరిపేసిన నిమిషాలేనని, రెండేళ్ల తరువాత మా నాన్నగారి పక్కన కూర్చుని చూసినప్పుడు తెలిసింది.

నాన్నగారు ఇరవై ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేశారు. 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చిన కొత్తల్లో ఆయన ఒక టూరింగ్ టాకీసులో రీళ్లు చుట్టే కుర్రవాడు. ఇటలీ దర్శకులు తీసిన కౌబాయ్ చిత్రాల ప్రభావంతో తయారైన ఆ సినిమాను ఎన్ని ఆటలు చూశారో ఆయనకే లెక్క లేదు గాని, ఆ ప్రభావానికి మూలమైన లియోనే సినిమా ఒక్కటి కూడా చూడలేదు. ఇంగ్లీషు మాటలకు నేను అర్థం చెబుతానంటే, అవసరమైతే అడుగుతానని చెప్పి ఆపారు. మూడు గంటలకు దగ్గరైన సినిమాలో ఆయన అడిగింది నాలుగైదు సార్లే.

మొదటి సన్నివేశంలో ఎడారి మధ్య ఒంటరి రైల్వే స్టేషన్ ఉంటుంది. ముగ్గురు తుపాకీ మనుషులు రైలు కోసం ఎదురు చూస్తుంటారు. నేపథ్య సంగీతం ఒక్క ముక్క ఉండదు. నూనె లేక కీచుమనే గాలిమర, టకటకలాడే టెలిగ్రాఫ్ యంత్రం, ఒకడు మెటికలు విరుచుకునే చప్పుడు, ఆ ముగ్గురిలో ఒకడిగా నటించిన జాక్ ఈలమ్ ముఖం మీద వాలి విసిగించే ఈగ, ట్యాంకు నుంచి మరో నటుడు ఉడీ స్ట్రోడ్ గుండు మీదా, ఆయన టోపీ పెట్టుకున్న తరువాత ఆ టోపీ మీదా పడే నీటి చుక్కలు మాత్రమే వినిపిస్తాయి. “చప్పుళ్లతోనే తాళం వేస్తున్నాడురా,” అన్నారు నాన్నగారు. రైలు వచ్చి వెళ్లిపోతుంది. ఎవరూ దిగలేదనుకుని ముగ్గురూ తిరుగుముఖం పట్టిన క్షణంలో వాళ్ల వెనుక నుంచి మౌత్ ఆర్గాన్ వినిపిస్తుంది. సినిమాలో మనం వినే మొదటి సంగీతం అదే. అంతసేపు చెవిని ఖాళీగా ఉంచడం వల్లనే ఆ కొద్ది స్వరాలకు ఒళ్లు జలదరిస్తుంది. నేను రైలులో ఆ ఎదురుచూపును జరిపేసినందువల్ల, మౌత్ ఆర్గాన్ నాకు మామూలు చప్పుడుగానే వినిపించింది.

ఇక్కడ నాన్నగారు పట్టుకున్న మరొక విషయం చెప్పాలి. బొగ్గింజనుకు దారి పొడవునా నీళ్లు కావాలి, అందుకే పాత స్టేషన్లలో ట్యాంకు తప్పనిసరిగా ఉండేది. కథ సాగేకొద్దీ తగాదా అంతా స్వీట్‌వాటర్ అనే ఎండిన భూమి కోసమని, ఆ చుట్టుపక్కల నీళ్లున్నది అక్కడే గనుక రైలు మార్గం దాని మీదుగా పోక తప్పదని తెలుస్తుంది. ఆ మాట వినగానే ఆయన నా వైపు తిరిగి, “మొదట్లో టోపీ మీద పడ్డ చుక్కలు గుర్తున్నాయా?” అన్నారు. దర్శకుడు ఆ ఉద్దేశంతోనే పెట్టారో లేదో గాని, నాకు మాత్రం ఆ సన్నివేశం మళ్లీ మామూలుగా కనిపించలేదు.

ఇక మీ ప్రశ్నకు అసలు సమాధానం నా దృష్టిలో ఇది. మన సినిమాలలో పాటకు ముందు బాణీ కట్టి, రికార్డు చేసి, షూటింగులో ఆ పాట వినిపిస్తూ చిత్రీకరిస్తారు. నేపథ్య సంగీతం మాత్రం ఎడిటింగు పూర్తయ్యాక రీరికార్డింగులో చేరుతుంది. లియోనే ఈ చిత్రంలో నేపథ్య సంగీతాన్ని పాటలాగా చిత్రీకరించారు. ఆయనా సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనే రోములో చిన్ననాడు ఒకే బడిలో చదివినవారు. ప్రధాన బాణీలను మొరికోనే షూటింగుకు ముందే సిద్ధం చేయగా, సెట్టు మీద వాటిని వినిపిస్తూ నటులను నడిపించారు. అందువల్ల ఈ సినిమాలో మనుషులు నడిచే తీరుకు, తల తిప్పే తీరుకు, కెమెరా కదిలే వేగానికి ఒక లయ ఉంటుంది. దృశ్యాలు బాగున్నాయా సంగీతం బాగుందా అని విడదీసి అడిగితే ఈ చిత్రం అంతుపట్టదు.

దీనికి నేను అందరికీ చూపించేది క్లాడియా కార్డినాలే రైలు దిగే సన్నివేశం. ఆమె పాత్ర పేరు జిల్. ఫ్లాగ్‌స్టోన్ అనే ఊళ్లో దిగిన ఆమెను తీసుకువెళ్లడానికి ఎవరూ రాలేదు. గడియారం చూసుకుంటుంది, జనం పలచబడతారు, మెల్లగా ఆమె బాణీ మొదలవుతుంది. దారి అడగడానికి ఆమె స్టేషన్ గదిలోకి వెళితే కెమెరా లోపలికి పోకుండా కిటికీ బయటే నిలబడి చూస్తుంది. ఆమె అవతలి తలుపు గుండా వెళ్తుండగా కెమెరా గోడ వెంట పైకి లేచి, కప్పు దాటి, అప్పుడే కట్టుకుంటున్న ఊరంతటినీ ఒక్కసారిగా మన ముందు పరుస్తుంది. సరిగ్గా అక్కడ వాద్యబృందం ఉప్పొంగి, గాయని ఎడ్డా డెల్లోర్సో గొంతు పైస్థాయికి చేరుతుంది. ఆ గానంలో మాటలు లేవు, అది కేవలం ఆలాపన. ఒంటరిగా మిగిలిన మనిషి బెంగ, ఎదురుగా పుడుతున్న ఊరి ఉత్సాహం రెండూ ఆ ఒక్క క్రేన్ షాటులో ఇమిడాయి. కార్లో సిమి రూపకల్పనలో ఆ ఊరి సెట్టును స్పెయిన్‌లోని గ్రనాడా ప్రాంతంలో, లా కలహోరా దగ్గర వేశారు. అక్కడ బండి ఎక్కిన జిల్, కొద్దిసేపటికే అమెరికాలోని మాన్యుమెంట్ వ్యాలీ ఎర్ర కొండల మధ్య ప్రయాణిస్తుంది. రెండు ఖండాల నేలలను కలిపి కుట్టిన అతుకు కనిపించకపోవడానికి ఆ ఎడతెగని బాణీయే సగం కారణమని నా నమ్మకం.

ముఖాలను అంత దగ్గరగా, అంత వెడల్పు తెర మీద చూపడం గురించి నాన్నగారు చాలాసేపు మాట్లాడారు. ఛాయాగ్రాహకుడు టొనీనో డెల్లి కొల్లి దీన్ని టెక్నిస్కోప్ పద్ధతిలో తీశారు. మామూలుగా 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక ఫ్రేముకు అంచు వెంట ఉండే నాలుగు రంధ్రాల ఎత్తు పడితే, ఇందులో రెండే పడుతుంది. నెగెటివ్ సగానికి సగం ఆదా అవుతుంది. షూటింగులో వెడల్పు దృశ్యాన్ని నొక్కి ఫిల్ములో ఇమిడ్చే స్కోప్ లెన్సు అక్కరలేదు, మామూలు లెన్సే వాడతారు గనుక దగ్గరి ముఖంతో పాటు దూరపు వస్తువులూ స్పష్టంగా నిలబడటానికి వీలవుతుంది. పొదుపు కోసం పుట్టిన పద్ధతిని ఈయన అందం కోసం వాడుకున్నారు. ఈ సినిమాలో ముఖాలే కొండలు, లోయలు. చార్లెస్ బ్రాన్సన్ కళ్ల చుట్టూ ఉన్న ముడతలకు కూడా సొంత చరిత్ర ఉన్నట్టుంటుంది.

హెన్రీ ఫోండా సంగతి అందరూ చెప్పేదే అయినా వదలలేను. అంతవరకూ మంచివాడి పాత్రలకు పేరుబడ్డ ఆయన, క్రూరుడిగా కనిపించాలని గోధుమరంగు కాంటాక్ట్ లెన్సులు, మీసం పెట్టుకుని వస్తే లియోనే రెండూ తీయించారు. ఆ నీలి కళ్లే ఆయనకు కావాలి. స్వీట్‌వాటర్ దగ్గర కీచురాళ్లు హఠాత్తుగా నోరుమూయడం, తరువాత తుపాకీ మోతలు, ఆపైన పదునైన ఎలక్ట్రిక్ గిటారు, అప్పుడు కెమెరా మెల్లగా చుట్టూ తిరిగి ఆ కళ్లను చూపడం, ఈ వరుసలో ఏ ఒక్కటి ముందువెనుకలైనా ఆ దెబ్బ తగలదు. ఆ గిటారు ఫోండా పాత్రదని మొదట అనిపిస్తుంది, కాని దానితో పెనవేసుకున్న మౌత్ ఆర్గాన్ బ్రాన్సన్ పాత్రది. ఇద్దరికీ ఒకే బాణీ ఎందుకు ఇచ్చారో చివరి పోరాటంలో తెలుస్తుంది. మీరింకా చూడలేదు గనుక ఇంతకంటే చెప్పను. జేసన్ రోబార్డ్స్ పాత్రకు మాత్రం గుర్రం అడుగుల్లాంటి నడకతో, బాంజో మీద హాయిగా సాగే వేరే బాణీ ఉంది.

సినిమాలో లోపాలు లేవని అనను. భూమి, వేలం, రైలు యజమాని లావాదేవీలు నడిచే మధ్యభాగం రెండోసారి చూస్తే గాని నాకు అర్థం కాలేదు, జిల్ పట్ల కథ ప్రవర్తించే తీరు కొన్నిచోట్ల నన్ను నొప్పించింది. చివరి పోరాటానికి ముందు ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతుంటే, మరీ సాగదీశారని నేను పైకే అన్నాను. నాన్నగారు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చారు. “హరిశ్చంద్రుడు పద్యం అయ్యాక రాగం తీస్తాడే, అప్పుడు కథ ఆగిందని ఎవరైనా లేచిపోతారా? వన్స్ మోర్ అని మళ్లీ పాడిస్తారు గాని.” పద్యనాటకాలను తెల్లవారేదాకా చూసి పెరిగిన మనిషికి ఈ నిదానం పరాయిది కాదు. ఆ మాట విన్న తరువాత నాకూ తొందర పోయింది.

మీరు మళ్లీ చూడదలిస్తే 165 నిమిషాల ప్రతినే ఎంచుకోండి. అమెరికాలో తొలి విడుదల సమయంలో దాన్ని కత్తిరించారు, అయినా అక్కడ ఆడలేదు. ఫ్రాన్సులో మాత్రం ఘనవిజయం సాధించింది. 2009లో అదే అమెరికా దీన్ని తన జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చుకుంది. వీలైనంత పెద్ద తెర చూసుకోండి, అది కుదరకపోతే కనీసం మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. మేము ఇంట్లో టీవీకి పాత యాంప్లిఫయరు తగిలించి చూశాం. ఫోను పక్కన పెట్టి, మొదటి స్టేషన్ సన్నివేశంలో ఎన్ని రకాల చప్పుళ్లు ఉన్నాయో లెక్కపెడుతూ మొదలుపెట్టండి. మరుసటి ఉదయం కాఫీ తాగుతూ నాన్నగారు టీవీ పెట్టమన్నారు. ఏ సన్నివేశం కావాలని అడిగితే, “ఆ అమ్మాయి గడియారం చూసుకునే దగ్గర నుంచి పెట్టు,” అన్నారు.