ఫీజు కట్టే ముందు అమ్మాయిని ఒక సైటుకు తీసుకెళ్లండి

ప్రశ్న: మాది పరకాల. వడ్రంగి పని. హనుమకొండలో మాడ్యులర్ కిచెన్లు చేస్తుంటాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దు, ఇంటీరియర్ డిజైన్ చదువుతానంటోంది. ఒక సంస్థ ఏడాది డిప్లొమాకు చాలా ఫీజు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. మేం పడ్డ కష్టం తను పడొద్దనే మా టెన్షన్. పైగా ఆడపిల్ల సైట్ల మీద తిరగాలి. చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. అమ్మాయి కోరిక మంచిదే. కానీ ఏడాదంతా కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు గీయించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ కొన్ని నెలల్లో ఎవరికైనా వస్తుంది. తెర మీద తళతళలాడిన వంటిల్లు వాడకంలో ఎందుకు తేలిపోతుందో అక్కడ చెప్పేవాళ్లు తక్కువ. అది మీకు బాగా తెలుసు.

సింకు కింద పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలక) వేస్తే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. తడికి అంచు ఉబ్బి, మైకా లేచి, హింజ్ స్క్రూ పట్టు వదిలేస్తుంది. అక్కడ తడిని తట్టుకునే 710 గ్రేడ్ ప్లైవుడ్ ఎందుకు వేయాలో అమ్మాయికి మీరే చూపించండి. తర్వాత వంటగట్టు ఎత్తు. కేటలాగుల్లో 34 అంగుళాలనో 36 అనో రాసేస్తారు. అంత గట్టు మీద ఐదడుగుల మనిషి జొన్నరొట్టె కొట్టాలంటే భుజాలు ఎత్తి పట్టుకోవాలి. రొట్టె సాగాలంటే చేతి బరువు పైనుంచి పడాలి కదా! ఈసారి కొలతలకు వెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. ఆ ఇంటావిడ మోచేయి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవమనండి. గట్టు దానికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటే మామూలు పనికి హాయి. రొట్టెల కోసం ఒక మూల ఇంకాస్త దించాలి. ఆ మూల అవసరమని ఆవిడను అడిగి తెలుసుకోవడమే డిజైన్‌లో సగం పని.

బాత్రూం పనికి వెళ్తే మేస్త్రీ దగ్గర కాసేపు నిలబడమనండి. మీటరుకు సెంటీమీటరు వాలు ఉందా, నీళ్లు జాలీ వైపే పోతున్నాయా, రూపాయి బిళ్లతో తడితే టైలు డొల్లగా మోగుతోందా అన్నవి చూస్తే చాలు.

ఇక చదువు. నా ఓటు నాలుగేళ్ల బీ.డిజైన్‌కే. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఇంటీరియర్ డిజైన్ ఉంది, దానికి వేరే ఎంట్రెన్స్ రాయాలి. ఐఐటీ హైదరాబాద్ బీ.డిజైన్ సీట్లు యూసీడ్ పరీక్షతో వస్తాయి. దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో, పరీక్ష జనవరిలో ఉంటాయి. 300 మార్కుల్లో 100 చేత్తో గీసి, రాసే భాగానికే. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్‌తో పాటు సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ కూడా ఉంది. వాష్‌బేసిన్లు, టైల్స్ మీద ఆసక్తి ఉంటే రెండోదీ చూడొచ్చు. అక్కడి రెండో దశ పరీక్ష మెయిన్స్‌లో చేత్తో వస్తువులు చేయించి చూస్తారు. చిన్నప్పటి నుంచి చెక్క ముక్కలతో ఆడిన పిల్లకు అది కలిసొస్తుంది. ఎంపీసీ కాబట్టి ఆర్కిటెక్చర్ ఎంట్రెన్స్ అయిన నాటా రాసి ఐదేళ్ల బీఆర్క్ దారి కూడా తెరిచి ఉంచుకోమనండి.

సెలవుల్లో ఒక రోజు ఇత్తడి పనికి పేరున్న పెంబర్తికి వెళ్లి రండి, హైదరాబాద్ దారిలోనే కదా. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో కొట్టి బొమ్మను పైకి లేపే పని దగ్గరగా చూడాలి. ఆ ఫలకం పూజగది తలుపు మీదికి ఎంత మందంలో రావాలి, తుడవడానికి వీలుంటుందా అని అమ్మాయిని ఆలోచించమనండి. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగల పని)కి 2007లోనే వచ్చింది. ఇంత పనితనం చుట్టూ పెట్టుకుని, వంటింటి గోడకు ఎక్కడిదో ప్రింటెడ్ గ్లాసు అతికించడం నాకు నచ్చదు. అది నా పట్టింపు అనుకోండి.

సైటు భయం గురించి. మీరు కిచెన్ చేసిచ్చే ప్రతి ఇంట్లోనూ ఏది ఎక్కడుండాలో చెప్పేది ఆడవాళ్లే. వాళ్లతో కూర్చుని మాట్లాడటానికి మీకంటే మీ అమ్మాయికే వీలు ఎక్కువ. బరువులు ఎత్తడం, రంపం పట్టడం రోజూ ఉండదు. మొదటి రెండేళ్లు జీతం మాత్రం తక్కువే ఉంటుందని ముందే అనుకోండి.

అయినా ఆ సంస్థలోనే చేర్పించాలనిపిస్తే ముందు వాళ్ల వర్క్‌షాప్ చూపించమనండి. పోయినేడు చదివిన పిల్లల్లో నలుగురితో ఫోన్‌లో మాట్లాడించమనండి. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట కాగితం మీద రాసిమ్మనండి. వీటిలో ఏ ఒక్కదానికి నీళ్లు నమిలినా లేచి వచ్చేయండి. ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాక మాత్రం అమ్మాయిని సైట్లకు తిప్పొద్దు, ఆ మార్కులు కూడా కావాలి.