అమ్మ మాటకు అనువాదం అక్కరలేదా?

నమస్కారమండీ. మాది హైదరాబాదు. ఎనిమిదేళ్లుగా నేను ఇంగ్లండులో ఉంటున్నాను. నాన్నగారు బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. కారు రేసులంటే ఆయనకు ప్రాణం. ఆ పిచ్చి నాకూ అబ్బింది. 2011లో మన దేశంలో మొదటిసారి ఫార్ములా వన్ కార్ల పోటీ జరిగినప్పుడు మేమిద్దరం రైలెక్కి గ్రేటర్ నోయిడా వెళ్లి చూసి వచ్చాం.

2022లో నేను ఇక్కడి అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. మావాళ్లు ఒప్పుకోలేదు, పెళ్లికి రాలేదు. రిజిస్టరు ఆఫీసులో అయిపోయింది. మరుసటి ఫిబ్రవరిలో ఇద్దరం హైదరాబాదు వెళ్లాం. హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరుగుతుంటే నాన్న మావారిని వెంటబెట్టుకుని వెళ్లారు. సాయంత్రానికి మామా అల్లుళ్లు ఒకటైపోయారు. అప్పటినుంచి ఆదివారం వస్తే ఫోనులో వారిద్దరి కబుర్లే.

ఈ వేసవిలో అమ్మానాన్నలు ఆరు నెలల వీసా మీద మా ఇంటికి వచ్చారు. మేం ఉండేది ఫార్ములా వన్ పోటీలు జరిగే సిల్వర్‌స్టోన్‌కు దగ్గరలోనే. ఆ పోటీల కార్లకు 2026 నుంచి వచ్చిన కొత్త నిబంధనల మీద ఇద్దరికీ రోజూ వాదనే. సగం కరెంటుతో నడిచేది రేసు కారు ఎలా అవుతుందని నాన్న అంటారు. భవిష్యత్తు ఇదేనని మావారు అంటారు. మొన్న ఆదివారం మాట పెరిగి, మావారు "మీవాళ్లకు మార్పంటేనే భయం" అనేశారు. నేను మెత్తగా మార్చి చెప్పాను కాని, నాన్నకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. ఇద్దరికీ మాటలు లేవు. టిక్కెట్లు ముందుకు జరిపించమని నాన్న పట్టుబడుతున్నారు.

అమ్మకు ఇవేవీ పట్టవు, తన వంటింట్లో తను ఉంటుంది. ఇంగ్లీషు రాదు. ఆమె మాటల్లో అనువదించడానికి పెద్దగా ఏమీ ఉండదు, తినమనడం తప్ప. వచ్చిన కొత్తలో మా ఇద్దరినీ సత్యనారాయణ వ్రతానికి కూర్చోమంది. మావారికి ఇబ్బంది అవుతుందని నేనే వద్దన్నాను. మళ్లీ అడగలేదు.

ఇంట్లో రేసుల మాట ఎత్తకూడదని ఇద్దరికీ చెప్పేయనా? లేక ఎవరో ఒకరికి నచ్చజెప్పనా? వేరే దేశం వాళ్లను చేసుకుంటే చివరికి ఇంతేనా?

– ఒక సోదరి, ఇంగ్లండ్

అమ్మా, నువ్వు అడిగినదానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను. రేసుల మాట ఆపించవద్దు, ఎవరికీ నచ్చజెప్పవద్దు. మీ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న సంగతి ఏదైనా ఉందంటే అది ఆ పోట్లాటే.

మన ఇళ్లలో కొత్త అల్లుడికి జరిగే మర్యాద నీకు తెలియనిది కాదు. కుర్చీ వేస్తారు, రెండుసార్లు నెయ్యి వడ్డిస్తారు, ఆయన ఏమన్నా "అవును బాబూ" అంటారు. అలా పదేళ్లు గడిచినా ఆ మనిషి చుట్టంగానే మిగిలిపోయిన ఇళ్లు నేను చూశాను. చుట్టంతో ఎవరూ గొంతు పెంచి వాదించరు. మీ నాన్నగారు మీ ఆయనతో గొంతు పెంచారంటే, ఆయన్ను ఇంట్లో మనిషిగా ఒప్పుకున్నట్టే. రాని పెళ్లికి ఆయన వేసిన అక్షింతలు అవేననుకో.

మా తమ్ముడు ఈ పోటీల కోసం ఆదివారం భోజనం కూడా వాయిదా వేసే మనిషి. కాబట్టి ఈ వాదన నాకు కొత్త కాదు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. కొత్త నిబంధనలతో కారులోని కరెంటు మోటారు బలం 120 కిలోవాట్ల నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది. అంటే కారు బలంలో సుమారు సగం బ్యాటరీ నుంచే రావాలి. ఆ బ్యాటరీ ట్రాకు మీద ఒక చుట్టు మొత్తానికీ చాలదు. నడుస్తూనే నింపుకోవాలి, అందుకోసం ఒక్కోసారి మలుపు రాకముందే డ్రైవరు యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీయవలసి వస్తుంది. ముప్పై ఏళ్లు ఇంజిన్ విప్పి, బిగించి, దానినుంచి చివరి బొట్టు బలం వరకూ రాబట్టిన మనిషికి, రోడ్డు తిన్నగా ఉన్నచోట కాలు తీయడం ఎలా ఉంటుందో ఆలోచించు.

అంతకుముందు పోయింది మోత. 2005 వరకూ పది సిలిండర్ల ఇంజిన్లు ఉండేవి. ఆ తర్వాత 2013 వరకూ ఎనిమిది. 2014లో ఆరు సిలిండర్లకు టర్బో, బ్యాటరీ తగిలించేసరికి ఆ అరుపు సగం అణిగిపోయింది. నోయిడాలో మీ తండ్రీ కూతుళ్లు విన్నది ఎనిమిది సిలిండర్ల మోత. అక్కడ పోటీ మూడేళ్లే జరిగింది, 2013తో ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆ మోత కూడా పోయింది. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని విన్న మోత అది. దాని గురించి ఆయన మాటిమాటికీ కోప్పడితే, కోప్పడనీ.

మీ ఆయన చెప్పేదీ కొట్టిపారేయలేను. 2021 చివర వెళ్లిపోయిన హోండా కంపెనీ మళ్లీ వచ్చింది, ఆడి కొత్తగా వచ్చింది. కరెంటు వాటా పెరగకపోతే ఆ కంపెనీలు ఈ గడప తొక్కేవి కావు. డ్రైవరు తల చుట్టూ కమ్మీ పెట్టాలన్న నిబంధన 2018లో వచ్చినప్పుడు కారు అందం చెడిందని ఎంతమంది తిట్టారో. మీ నాన్నగారూ తిట్టే ఉంటారు. దాన్ని వద్దన్నవాళ్లలో గ్రోజాన్ అనే డ్రైవరు కూడా ఉన్నాడు. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో అతని కారు రెయిలింగును చీల్చుకుపోయి రెండు ముక్కలై మండిపోతే, ఆ కమ్మీ వల్లే తల దక్కి మంటల్లోంచి ప్రాణాలతో బయటికి వచ్చాడు. ఆస్పత్రి మంచం మీద పడుకుని, తాను అనుకున్నది తప్పని చెప్పాడు. కొన్ని మార్పులు అలాంటివి. 2016లో క్వాలిఫైయింగ్ పద్ధతి, అంటే పోటీలో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పద్ధతి, మారిస్తే రెండు పోటీలకే విసుగెత్తి వెనక్కి తీసుకున్నారు. కొన్ని అలాంటివి కూడా. ఈసారిది ఏ రకమో వాళ్లిద్దరే తేల్చుకోనీ. ఆ తీర్పు చెప్పడానికి నువ్వు పెద్దమనిషివి కానక్కరలేదు.

అయితే "మీవాళ్లకు" అన్న మాట దగ్గర నేను ఊరుకోను. 1950లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి పోటీ జరిగింది సిల్వర్‌స్టోన్‌లోనే. ఆ గాలిలో పెరిగినవాడికి ఆ ఆట తన ఊరి సొత్తు అనిపించవచ్చు. ఐనా ఇంటికి వచ్చిన మామగారిని ఆ మాట అనే హక్కు దానివల్ల రాదు. "మీరు పొరపడ్డారు" అంటే అది వాదన. "మీవాళ్లు ఇంతే" అంటే ఎదుటి మనిషిని, అతని ఊరినీ పుట్టుకనూ కలిపి తోసేయడం. పైగా అది అబద్ధం. సగం కరెంటునే సహించలేని ఆ మనిషి, 2023 ఫిబ్రవరి 11న అల్లుడి చెయ్యి పట్టుకుని వెళ్లింది పూర్తిగా కరెంటుతో నడిచే కార్ల పోటీకి. కాదన్న పెళ్లిని ఔనని, ఆ ఊళ్లో, తెలిసినవాళ్లు ఎదురుపడే ఆ రోడ్డు మీద నడిచారు. మార్పంటే భయపడే మనిషి చేసే పనేనా అది? ఈ ముక్క మీ ఆయనకు చెప్పు. చెప్పి, క్షమాపణ ఆయన్నే అడగమను. అప్పుడు నువ్వు ఆ గదిలో ఉండవద్దు. నువ్వు ఉంటే మధ్యలో దూరి మళ్లీ మెత్తగా మారుస్తావు. మీ నాన్నగారికి అర్థమయ్యేటంత ఇంగ్లీషు వచ్చని నువ్వే రాశావు కదా. టిక్కెట్లు జరిపించవద్దు.

ఇక, నీ ఉత్తరంలో నా మనసును పట్టుకున్నది ఇదేదీ కాదు. మీ నాన్నగారి గురించి మూడు పేరాలు రాసి, అమ్మ గురించి ఆరు వాక్యాలు రాశావు. అందులో ఒకటి, ఆమె మాటల్లో అనువదించడానికి ఏమీ ఉండదని. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

నీ పెళ్లికి "మావాళ్లు" ఒప్పుకోలేదన్నావు. నాన్న ఒప్పుకోలేదు, సరే. అమ్మ ఏమంది? అది రాయలేదు. నీకు తెలియదు కనుకనే రాయలేదని నా అనుమానం. మన ఇళ్లలో ఇది పాత అలవాటు. తండ్రి వద్దంటే ఇంటిల్లిపాదీ వద్దన్నట్టు లెక్క, తండ్రి ఔనంటే తల్లిని వేరే అడగనవసరం లేదు. దేశం దాటి, సొంతంగా నిర్ణయం తీసుకుని, నచ్చినవాణ్ణి చేసుకున్న ఆడపిల్లవు, ఈ ఒక్క అలవాటును మాత్రం పెట్టెలో సర్దుకుని వెంట తీసుకువెళ్లావు. ఆ దేశంలో రిజిస్టరు పెళ్లికి నోటీసు ఇచ్చి కనీసం 28 రోజులు ఆగాలి. ఆ 28 రోజుల్లో, నాన్న ఇంట్లో లేని వేళ చూసి, ఒక్కసారి అమ్మకు ఫోను చేశావా? "నువ్వు ఏమంటావమ్మా" అని అడిగావా?

ఆమె పోగొట్టుకున్నవి లెక్కవేద్దాం. కూతురికి పెళ్లిచీర ఎంచడం పోయింది. పసుపు దంచలేదు, నిన్ను పెళ్లికూతురిని చేయలేదు, ఒడిబియ్యం పోయలేదు. అప్పగింతల వేళ నీ చెయ్యి ఆ అబ్బాయి చేతిలో పెట్టి ఏడవలేదు. ఆ ఏడుపు ఆమె హక్కు. మీ నాన్నగారికి తర్వాత ఒక రోజు దొరికింది, హుసేన్‌సాగర్ ఒడ్డున అల్లుణ్ణి నలుగురికీ చూపించుకున్నారు. ఆ రోజు అమ్మ ఏం చేస్తోంది? మీరు తిరిగి వచ్చేసరికి వంట సిద్ధంగా ఉండి ఉంటుంది.

ఇన్నేళ్లకు మీ ఇంటికి వచ్చి, ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే. నిన్నూ నీ భర్తనూ పక్కపక్కన పీటల మీద చూడాలని. వ్రతం పేరుతో ఆమె తనకు దక్కని పెళ్లినే అడిగిందమ్మా. నువ్వు ఆ మాట మీ ఆయన చెవిన కూడా వేయలేదు. ఆయన పేరు చెప్పి నువ్వే కాదన్నావు. ఆ అబ్బాయికి ఇబ్బంది అవుతుందని నీకు ఎలా తెలుసు? మామగారితో నిబంధనల మీద రోజుల తరబడి వాదించే ఓపిక ఉన్నవాడు రెండు గంటలు పీట మీద కూర్చోలేడా? పంచె కట్టిన భర్త పక్కన, ఆ దేశంలో కూర్చోవడానికి సిగ్గుపడింది నువ్వే కాదు కదా? నన్ను తిట్టుకున్నా సరే, ఈ ప్రశ్న వేసుకో.

వేరే దేశం వాళ్లను చేసుకుంటే ఇంతేనా అని అడిగావు. నీ భర్త తెలుగు ఇంటిని నీ నోటిద్వారానే తెలుసుకుంటాడు. నువ్వు ఆయనకు మీ నాన్నను మాత్రమే చెప్పావు. ఆయన దృష్టిలో మీ అమ్మ తినమనే ఆవిడ. తినమనడంలో కూడా ఎన్ని ఉంటాయో నీకు తెలియదా? "నిన్న సరిగా తినలేదు" అని, "అలిగి అన్నం మీద కోపం చూపించవద్దు బాబూ" అని, "ఇది మా అత్తగారి చేతి పద్ధతి" అని. ఆదివారం ఆ పోట్లాట జరిగినప్పుడు ఆమె కూడా ఆ ఇంట్లోనే ఉంది. తప్పకుండా ఏదో అని ఉంటుంది. ఏమందో నీకు గుర్తుందా?

మా అమ్మ బతికి ఉన్నప్పుడు, నాన్నగారి ఉద్యోగం బదిలీ అయిన ప్రతిసారీ ఊరు మారుతుంటే ఆమెకు ఎలా ఉండేదో నేను ఎప్పుడూ అడగలేదు. తొమ్మిది ఊళ్లు మారాం. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు. మీ అమ్మ పక్క గదిలోనే ఉంది.

వెళ్లి ఆమె దగ్గర కూర్చో. వంట చేస్తుంటే గరిటె తీసుకుని పక్కన పెట్టించు. పెళ్లప్పుడు ఆమెను విడిగా అడగనందుకు క్షమించమని చెప్పు. ఆమె "దానిదేముందిలే" అంటుంది. అక్కడితో లేచి రావద్దు, కూర్చునే ఉండు. రెండోసారి చెప్పేది వేరుగా ఉంటుంది. ఆమె చెప్పినదంతా, ఆ రాత్రి భోజనాల దగ్గర, ఆమె ఎదుటనే, మీ ఆయనకు ఇంగ్లీషులో చెప్పు. వ్రతం సంగతి కూడా అప్పుడే అడుగు. కాదనే హక్కు ఆయనకుంది, కాని ఆ మాట ఆయన నోటినుంచి రావాలి. కాదంటాడని నేను అనుకోను.

ఇంట్లో కుదరకపోతే బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, మీ ఊరి నుంచి కారులో వెళ్లి రాగలిగే దూరమే. పూజ పంతులుగారు చేయిస్తారు. కథ మాత్రం అమ్మను చెప్పమను, ఐదు అధ్యాయాలూ. మీ ఆయనకు నువ్వు అనువదించు. నాలుగో అధ్యాయంలో, మగడి పడవ ఒడ్డుకు వచ్చిందన్న సంబరంలో ప్రసాదం వదిలేసి పరుగెత్తిన కళావతి దగ్గరికి వచ్చేసరికి, తొందరపడి కుదించవద్దు.