3478ఎ: ముందు బ్యాటరీ సంగతి చూడండి
మీ పాత హెచ్‌పీ 3478ఎ మల్టీమీటర్‌కి కొత్త డిస్‌ప్లే, యూఎస్‌బీ పెట్టాలా, లేక కొత్త మీటర్ కొనాలా అని అడిగారు. రెండూ పక్కన పెట్టి, ముందు లోపలున్న 3 వోల్టుల లిథియం బ్యాటరీ సంగతి చూడండి. క్యాలిబ్రేషన్ విలువలన్నీ, అంటే రీడింగులు సరిగ్గా రావడానికి మీటర్ వాడుకునే సవరణ లెక్కలన్నీ, ఆ బ్యాటరీ మీద బతికే మెమరీలోనే ఉంటాయి. అది చచ్చిపోతే మీటర్‌ని మళ్లీ మొదటినుంచీ క్యాలిబ్రేట్ చేయించాల్సిందే.

అందుకని ఒక జీపీఐబీ-యూఎస్‌బీ అడాప్టర్ (మీటర్ వెనకున్న జీపీఐబీ అనే పాతకాలపు పోర్టుని కంప్యూటర్‌కి కలిపేది) సంపాదించి, ఆ విలువలను కంప్యూటర్‌లోకి చదివి దాచుకోండి. ముందువైపున్న, ఆ విలువలను మార్చనిచ్చే క్యాల్ ఎనేబుల్ స్విచ్ మాత్రం ముట్టుకోకండి. ఆ తర్వాతే బ్యాటరీ మార్చండి. అదే అడాప్టర్‌తో రీడింగులూ కంప్యూటర్‌కి వస్తాయి కాబట్టి, విడిగా యూఎస్‌బీ అమర్చే పని తప్పినట్టే. బ్యాక్‌లైట్ లేని డిస్‌ప్లే చీకట్లో విసిగిస్తుంది, నిజమే. కానీ దానికోసం పెట్టె కోయడం నాకు నచ్చదు.

ఐదున్నర అంకెల డీసీ వోల్టేజీ, నాలుగు వైర్ల రెసిస్టెన్స్ (వైర్ల సొంత నిరోధం కలవకుండా కొలిచే పద్ధతి) చాలనుకుంటే దీన్నే ఉంచుకోండి. కెపాసిటెన్స్, ఫ్రీక్వెన్సీ కొలవాలన్నా, 300 వోల్టులు దాటాలన్నా ఏ మార్పులూ పనికిరావు, కొత్తది కొనండి.