కడుపునొప్పి వెనక జేజి

ప్రశ్న: మాది ఆదోని. జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేస్తాను. మా పాపకు 17 ఏళ్లు, కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతోంది. ఏడాదిగా కడుపునొప్పి అంటూ పదిహేను రోజులకోసారి బస్సెక్కి వచ్చేస్తుంది. స్కానింగ్‌లు, రక్తపరీక్షలు అన్నీ నార్మలే. హాస్టల్ ఇష్టం లేక నాటకాలాడుతోందని మా వాళ్లంటారు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ తమ్ముడికి నీళ్లిచ్చే గ్లాసును నాలుగైదుసార్లు కడుగుతుంది. చేతుల తోలు ఊడుతోంది. కరోనా టైంలో ఆరు, ఏడు తరగతులు పరీక్షల్లేకుండానే దాటేసింది, అందుకే చదువంటే భయమేమో. మా అమ్మ కూడా 2021 మేలో కరోనాతోనే పోయింది. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో అమ్మగారి సంగతి ఒక్క వాక్యంలో ముగిసింది. నేను అక్కడే ఆగిపోయి మీకు ఫోన్ చేయించాను. అప్పుడు చెప్పారు మీరు: ఆ ఏప్రిల్లో పాప స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లొచ్చిందని, తర్వాత మీ అమ్మగారికి, అంటే పాప జేజికి, జ్వరమొచ్చిందని, జేజి పోయినాక మీ చెల్లెలు ఏడుస్తూ "నువ్వు ఆడికి పోకుండా ఉండింటే మా అమ్మ బతికేది" అనిందని. ఆ మాట విన్నప్పుడు మీ పాపకు పన్నెండేళ్లు. జేజి ముఖం కూడా చివరికి చూడలేదు. సంచిలో చుట్టి ఆసుపత్రి నుంచే తీసుకెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ గ్లాసు సంగతి చూడండి. కడుగుతున్నది ఎవరి గ్లాసు? తమ్ముడిది. తన చేతులతో ఇంకొకరిని చంపుతానేమోనన్న భయం ఆ పిల్లను వదలలేదని నా అనుమానం. డాక్టరు చూసే తేల్చాలి. హాస్టల్లో పదిమందితో ఒకే గది, ఒకే కుళాయి. పక్క మంచం అమ్మాయి దగ్గితే చాలు, కడుపులో దేవినట్టవుతుంది. నొప్పి అబద్ధం కాదు. మెదడుకూ పేగులకూ మధ్య నరాల దారి ఉంది, టెన్షన్ ఆ దారినే దిగుతుంది. స్కానింగ్‌లో అది కనపడదు. దయచేసి నాటకమనే మాట ఇంట్లో ఇంక వినపడనివ్వకండి.

మీరొక్కరే కాదు. 2021లో పలు దేశాల అధ్యయనాలు కలిపి 80 వేల మంది పిల్లల లెక్కలు చూస్తే, నలుగురిలో ఒకరికి దిగులు లక్షణాలు, ఐదుగురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు కనిపించాయి. బడి, ఆట, స్నేహితులు ఒక్కసారే పోయిన కాలమది. కొందరు బడులు తెరిచాక తేరుకున్నారు. ఇంట్లో చావు చూసిన పిల్లలు, అందులోనూ నింద మోసినవాళ్లు, అంత తొందరగా తేరుకోలేరు. పరీక్షల్లేకుండా పై తరగతికి రావడం కూడా కొంత కారణమే, కాదనను. కానీ దాన్ని ట్యూషన్‌తో సరిచేయవచ్చు.

మీరు చేయగలిగింది ఒకటుంది, అది డాక్టరు కూడా చేయలేడు. ఆ రోజుల్లో మీరు రోజూ మిల్లుకు పోయేవారు కదా? పత్తి బండ్ల దగ్గర, టీ బంకు దగ్గర నిలబడేవారు. సెకండ్ వేవ్‌లో జబ్బు ఊరంతా పాకింది. సోకినాక రెండు రోజులకూ బయటపడొచ్చు, పద్నాలుగు రోజులకూ బయటపడొచ్చు. ఇంట్లోకి ఎవరు తెచ్చారో ఎవరూ చెప్పలేరు. "అమ్మా, నేనూ రోజూ బయటికి పోయొచ్చేవాణ్ణి. నా నుంచే వచ్చిందేమో, ఎవరికి తెలుసు" అని మీ నోటితో అనండి. మీ చెల్లెలితో కూడా మాట్లాడండి. ఆమె కూడా తల్లిని పోగొట్టుకున్న మనిషే, చెడ్డది కాదు. ఒకసారి వచ్చి "ఆ మాట తప్పు పాపా" అంటే ఆ పిల్ల గుండెల మీద బరువు ఎంతో తగ్గుతుంది.

చేతుల సంగతి మాత్రం మాటలతో పూర్తిగా పోదు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది, చూపించండి. మందులు అందరికీ అక్కర్లేదు. ఆ కడిగే అలవాటును కొద్దికొద్దిగా ఆపించే పద్ధతులున్నాయి, బాగా పనిచేస్తాయి. పిచ్చాసుపత్రి ముద్ర పడి రేపు సంబంధాలు రావని మీ ఆవిడ భయపడుతున్నారట. గ్లాసులు కడుక్కుంటూ మూల కూర్చుండిపోతే ఏ సంబంధం వస్తుంది చెప్పండి? ఈలోగా అడగాలంటే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, టెలీ మానస్ అంటారు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోతానని ఎప్పుడైనా అంటే, నవ్వుతూ అన్నా సరే, ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ శనివారం మళ్లీ వస్తుందన్నారు. బస్టాండుకు మీరే వెళ్లండి. స్కానింగ్ కాగితాల ఊసెత్తకండి. ఇంటికొచ్చాక జేజి ఫోటో కిందికి దింపి, గుడ్డ ఆమె చేతికిచ్చి, "తుడువు నాయనా, నాలుగేళ్ల దుమ్ము" అనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి.