ముప్పై సెంట్ల కథ గురించి

తమ్ముడూ,

రెండు నెలలు కూర్చుని రాసిన కథకి, పాఠకుల ఓట్లని బట్టి రాసినవాళ్ళకి క్రిప్టో డబ్బు వచ్చే సైటు స్టీమిట్‌లో ముప్పై సెంట్లు వచ్చాయని, అదే రోజు ఎవరో పెట్టిన సూర్యాస్తమయం ఫొటోకి నలభై డాలర్లు వచ్చాయని, ఇక నీకు రాయడం రాదేమో అనిపిస్తోందని రాశావు. చదివి చాలా బాధేసింది. 2017లో నేనూ అదే అంకె చూసుకుని ఆర్నెల్లు కథల జోలికి పోలేదు.

అసలు ఆ అంకె ఎలా వస్తుందో చూడు. అక్కడ మనిషికొక ఓటు కాదు, ఎవరి దగ్గర స్టీమ్ పవర్ (ఖాతాలో దాచిపెట్టుకున్న స్టీమ్, అంటే అక్కడి క్రిప్టో నాణెం) ఎంతుంటే వాళ్ళ ఓటుకి అంత బరువు. వందమంది మామూలు పాఠకులు కలిసినా బోలెడు స్టీమ్ దాచుకున్న ఒక్కడికి సరితూగకపోవచ్చు. పైగా ఓటేసినవాళ్ళకీ వాటా ఉంటుంది, 2019 ఆగస్టులో అది సగం దాకా పెంచారు, దాంతో ఏది బాగుందో చూడడం మానేసి దేనికి డబ్బు పడుతుందో చూసి ఓటేసేవాళ్ళు తయారయ్యారు. ఫలానా వాళ్ళు పోస్టు పెట్టగానే ఓటు దానంతటదే పడేలా పెట్టుకునేవాళ్ళు కొందరు. పది నిమిషాలు పట్టే కథకి రెండో నిమిషంలో పడిన ఓటు చదివి వేసినది ఎలా అవుతుంది? డబ్బు కట్టి బాట్ల (వాటంతటవే ఓట్లేసే ప్రోగ్రాముల) చేత ఓట్లు వేయించుకుని ట్రెండింగ్‌కి ఎక్కినవాళ్ళనీ చూశాను. మిగిలినదాంట్లో చాలా భాగం పెళ్ళి చదివింపులే, వాళ్ళు మనకెంత చదివించారో గుర్తుపెట్టుకుని మనమూ అంతే చదివించడం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఏడు రోజుల గడువు. ఎనిమిదో రోజున ఎవరైనా నీ కథ చదివి ఏడ్చినా ఆ ఓటుకి పైసా రాదు. కథలు అలా పనిచేయవు కదా, ఎప్పుడో చదివింది ఏళ్ళ తర్వాత గుర్తొచ్చి ఇంకొకరికి చెప్తాం.

అలాగని డబ్బు వచ్చినవన్నీ చెత్త అనుకోకు. నెలల తరబడి ఇతరుల పోస్టులు ఓపిగ్గా చదివి, మాట్లాడి, పాఠకుల్ని సంపాదించుకున్న మంచి రచయితలు అక్కడున్నారు. అదీ కష్టమే, కానీ రాయడం కంటే వేరే కష్టం. 2020లో స్టీమ్ నుంచి విడిపోయి వచ్చిన హైవ్‌కి మారదామంటున్నావు, మారు, కానీ ఓటు బరువూ ఏడు రోజులూ అక్కడా ఉన్నాయి.

ఇప్పుడు నీ కథ. అమ్మ కుట్టుమిషన్ అమ్మేశాక గోడ మీద నూనె మరక మిగిలిందని రాశావే, అక్కడ ఆగిపోయాను. ఆ తర్వాత ఆమె పేదరికం గురించి రాసిన మూడు పేరాలు తీసెయ్, మరకే అంతా చెప్పేసింది. తీసేసి మళ్ళీ నాకు పంపు.

ప్రేమతో,
అన్న